"నమ్మ పాడు యారిగె బేకు" అన్న అజ్జి మాట: మన పాట్లు, వాళ్ళ పాడు ఒకటేనా?

అనంత_కుర్రోడు
అందరికీ నమస్తే. అడుగుతున్నది ఒక మాట గురించే గానీ ఇది మొదలైంది నీళ్ళ ట్యాంకర్ దగ్గర. 2024 మార్చి గుర్తుందిగా, బోర్లు ఎండిపోయి బెంగళూరంతా ట్యాంకర్ల మీద బతికిన నెల, మారతహళ్ళి వెనకాల మా వీధిలో రెండ్రోజులకోసారి ట్యాంకరొచ్చేది, అదీ ఎన్నింటికొస్తుందో తెలీదు. ఒకరోజు పొద్దున ఆరున్నరకి లైన్లో నా ముందు ఒక అజ్జి, అంటే అవ్వ, నిలబడుంది, రెండు ప్లాస్టిక్ బిందెలు, ఒకదానికి మూతి దగ్గర పగులు, దానికి ఎంసీల్ పూసుంది. ఎవరో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తుంటే ఆమె వాళ్ళని చూసి గట్టిగా కూడా కాదు, తనలో తాను అనుకున్నట్టు "నమ్మ పాడు యారిగె బేకు" అనింది.

నాకు కన్నడ అంతంతమాత్రం, ఆటో మాటలు, కూరగాయల మాటలు వచ్చు అంతే. కానీ ఈ మాట మాత్రం చెవిన పడగానే అర్థమైపోయింది, ఎందుకంటే మా అమ్మ అచ్చం ఇదే మాట అంటాది. "మా పాట్లు ఎవురికి కావల్ల్యా" అని. అనంతపురంలో మా వీధి కొళాయి కాడ చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్యానో.

ఆ రోజు నుంచి బుర్రలో తిరుగుతూనే ఉంది. పాట్లు, పాడు ఒకటేనా? అసలు పాటు అంటే కష్టమే అయితే "పాటుపడు" అంటే మంచి మాట ఎట్లయింది? తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

కోలారు_అక్క
తమ్ముడూ ఒకటే, అనుమానం అక్కర్లేదు. మాది కోలారు జిల్లా, ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, కాబట్టి నాకు రెండూ అమ్మ భాషలే. కన్నడలో పాడు అంటే పడిన కష్టం, ఉన్న స్థితి. "నాయిపాడు" అంటారు కుక్క బతుకు అయిపోయిందని చెప్పడానికి. "పడబారద పాడు పట్టె" అంటారు, మనం "పడరాని పాట్లు పడ్డా" అంటాం కదా, ఒక్కో ముక్కా పక్కపక్కన పెట్టి చూసుకో.

మా తాత కేజీఎఫ్‌లో, అంటే కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్ గనిలో పనిచేశాడు, 3 కిలోమీటర్లకి పైన లోతు ఆ గని, కింద రాయి ముట్టుకుంటే కాలేదంట. 2001లో గనులు మూసేసినప్పటికి ఆయన లేడు. మా అవ్వ ఆయన గురించి చెప్పేటప్పుడు "కష్టపడినాడు" అని ఎప్పుడూ అనేది కాదు, "మీ తాత పాటుపడిన మనిషి" అనేది. ఆ మాటలో పని చేశాడనీ ఉంది, బాధ పడ్డాడనీ ఉంది. రెంటినీ విడదీసి చెప్పమంటే నాకు చేతకాదు.

వైట్‌ఫీల్డ్_వాసి
నాకు ఇంకోలా తెలుసు. పాడు అంటే పాడైపోవడం కదా? పాడుబడ్డ ఇల్లు, పాడుచేశావ్, బతుకు పాడైంది, ఈ పాడు లోకం. అజ్జి అన్నది కూడా మా బతుకు పాడైంది, ఎవరికి పట్టింది అనే అర్థం అయ్యుండొచ్చు. కష్టం, నాశనం పక్కపక్కన ఉండేవే కాబట్టి అదే మాట అనుకుంటున్నా.

పెరంబూరు_మాస్టారు
కొంచెం పెద్ద పోస్టు అవుతుంది, ఓపిగ్గా చదవండి. చెన్నైలో 31 ఏళ్ళు తెలుగు చెప్పాను, ఇప్పుడు కొడుకు దగ్గర జయనగర్లో ఉంటున్నా.

వైట్‌ఫీల్డ్ గారూ, మీరు చెప్పిన పాడు వేరు, అజ్జి చెప్పిన పాడు వేరు. తెలుగులో వినడానికి ఒకేలా ఉన్నాయి కానీ పక్క భాషలకి వెళ్తే విడిపోతాయి. నాశనం అనే పాడుని తమిళంలో పాళ్ అంటారు, ఆ చివరి అక్షరం మన ళ కాదు, నాలుక వెనక్కి మడిచి పలికే తమిళ అక్షరం. కన్నడలో అదే హాళు. "హాళాగి హోయ్తు", అంటే పాడైపోయింది అని రోజూ వింటూనే ఉంటారు మీరు. ఆ తమిళ అక్షరం ఉన్న చోట మనకి చాలా మాటల్లో డ వస్తుంది, కన్నడలో ళ వస్తుంది. తమిళం ఏళు, మనకి ఏడు, కన్నడ ఏళు. వాళ్ళ కోళి మనకి కోడి. కాబట్టి పాడుబడ్డ ఇల్లు ఆ కుటుంబం.

అజ్జి చెప్పిన పాడు "పడు" అనే క్రియ నుంచి పుట్టింది. క్రియలో మొదటి అచ్చుని సాగదీస్తే నామవాచకం అవుతుంది, ఇది మూడు భాషల్లోనూ ఉన్న పాత పద్ధతి. మనకి పడు పాటు అయింది, చెడు చేటు అయింది. తమిళంలో పడు పాడు, కెడు కేడు, విడు వీడు, సుడు సూడు. కన్నడలో పడు పాడు, కెడు కేడు, బిడు బీడు. పిల్లలకి ఇది బోర్డు మీద మూడు వరుసల్లో రాసి చూపిస్తే కళ్ళు పెద్దవి చేసుకుని చూసేవాళ్ళు. మనం ట పెట్టాం, వాళ్ళు డ ఉంచుకున్నారు, అంతే తేడా.

ఇంకోటి, పడు అంటే మొదటి అర్థం కింద పడటం. మీద పడటం కూడా. వాన పడింది, దెబ్బ పడింది, అప్పు పడింది. మనిషి మీద పడ్డది మనిషి పడ్డది, అదే పాటు.

ఎలక్ట్రానిక్_సిటీ_రాజు
మాస్టారూ గౌరవంతోనే అడుగుతున్నా, ఇది సంస్కృతం కాదా? సంస్కృతంలో పత్ అంటే పడటం, పతనం, పాతం, ఉల్కాపాతం, హిమపాతం. పడు, పాటు దానికి వికృతులే అనిపిస్తోంది. మా స్కూల్లో తెలుగు సార్ కూడా తెలుగు మాటలన్నీ చివరికి సంస్కృతంలోకే పోతాయి అనేవారు.

పెరంబూరు_మాస్టారు
పోలిక కనిపించడం సహజం రాజు గారూ, మీరు అడిగింది 200 ఏళ్ళ కిందట పండితులందరూ అడిగిందే. దానికి మొదటి గట్టి జవాబు పుట్టింది మా మద్రాసులోనే. ఎల్లిస్ అని ఒక దొర, ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీకి సంబంధించినవాడు, 1816లో తెలుగు ధాతువుల్ని తమిళ, కన్నడ ధాతువుల పక్కన వరసగా పెట్టి చూపించాడు. ఇవి సంస్కృతం నుంచి దిగినవి కావు, వీటికి వీటిదే ఒక కుటుంబం ఉందని. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా అది అచ్చయింది. ద్రావిడ భాషల మీద కాల్డ్వెల్ పుస్తకం వచ్చింది 1856లో, అంటే దానికి 40 ఏళ్ళ తర్వాత. చాలామంది కాల్డ్వెల్ పేరే చెప్తారు, ఎల్లిస్ పేరు చెప్పరు, అది నాకు ఎప్పుడూ బాధే.

పడు విషయానికొస్తే, ఒక్క తెలుగులో ఉంటే అరువు అనుకోవచ్చు. తమిళం, కన్నడ, తెలుగు మూడింట్లోనూ అదే ధాతువు, అదే సాగదీత, అవే రెండు అర్థాలు, పని, బాధ. బరో, ఎమెనో కలిసి చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, రెండో కూర్పు 1984) ఇలాంటి వాటికోసమే ఉంది, ఓసారి తెరిచి చూడండి, పేజీలు తిప్పుతుంటే ఇరుగుపొరుగు భాషలన్నీ ఒకే ఇంట్లో భోజనానికి కూర్చున్నట్టు ఉంటుంది.

ఎలక్ట్రానిక్_సిటీ_రాజు
అర్థమైంది మాస్టారూ, థాంక్యూ. ఆ సాగదీత పాయింటు నాకు నచ్చింది. అది అరువు తెచ్చుకునేది కాదు, లోపల నుంచే రావాలి.

శ్రీకాకుళం_పిల్ల
మాది సముద్రం పక్కన ఊరు. మా వాళ్ళకి పాటు అంటే ముందు సముద్రమే గుర్తొస్తది. పోటు అంటే నీళ్ళు ఎక్కడం, పాటు అంటే తగ్గడం. జియోగ్రఫీ పుస్తకంలో కూడా పోటుపాట్లు అనే చదువుకున్నాం, గుర్తుందా? మాస్టారు చెప్పినట్టు పాటు అంటే పడటమే అయితే నీళ్ళు పడిపోవడం కూడా పాటే కదా. ఇన్నాళ్ళూ ఇవి రెండు వేరు మాటలు అనుకున్నా నేను.

పెరంబూరు_మాస్టారు
అమ్మాయీ చాలా బాగా పట్టావు. అదే మాట. అలాగే పడమర కూడా, పొద్దు పడే దిక్కు. కన్నడలో పడువణ అంటే పడమర, తూర్పు మూడణ. మంగళూరు నుంచి ఉడుపి వెళ్ళే దారిలో పడుబిద్రి అని ఊరుంది, ఆ పడు కూడా పడమరే.

కోరమంగల_సుధ
ఇక్కడ ఒక గందరగోళం చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్ళు అందరూ ఇందులో పడతారు. నేను 2011లో వచ్చిన మొదటి నెల, ఇల్లు అద్దెకిచ్చిన ఆంటీ తాళాలిస్తూ "ఏనాదరూ తొందరె ఇద్దరె హేళి" అన్నారు. నేను "తొందరేం లేదు ఆంటీ, నిదానంగానే సర్దుకుంటా" అని తెలుగులోనే చెప్పి నవ్వాను. తర్వాత వారం బాత్రూంలో పైపు కారుతుంటే చెప్పడానికి మొహమాటపడి బకెట్ పెట్టుకుని రాత్రికి రెండుసార్లు లేచి పారబోసేదాన్ని. ఆమె చూసి కోప్పడ్డారు, తొందరె ఇద్దరె హేళి అన్నానుగా, ఎందుకు చెప్పలేదు అని. అప్పుడు తెలిసింది కన్నడలో తొందరె అంటే ఇబ్బంది. ఏదైనా ఇబ్బంది ఉంటే చెప్పు అని ఆమె అంటే నేను తొందర లేదు అన్నాను.

తమిళంలో కూడా తొందరవు అంటే ఇబ్బందే, మా చెన్నై కజిన్ చెప్పింది. మనకి మాత్రమే అది హడావుడి అయింది. మన తొందరకి కూడా పక్కన పాటు చేరింది చూడండి, తొందరపాటు.

కోలారు_అక్క
సుధా అది మాకు ఇంట్లోనే జరుగుతుంది, మా ఆయనది గుంటూరు. నేను "నీకేం తొందర" అంటే నేను ఏ భాషలో అడుగుతున్నానా అని ఆగి చూస్తాడు.

ఇంకోటి కూడా అలాగే. ఇక్కట్టు. మనకి ఇక్కట్లు అంటే కష్టాలు. కన్నడలో ఇక్కట్టాద రస్తె అంటే ఇరుకు రోడ్డు. చిక్‌పేట సందులన్నీ ఇక్కట్టే. ఇరుకులో పడితే అదే ఇక్కట్టు, మనం కూడా ఇరుకున పడ్డా, ఇరకాటంలో పడ్డా అంటాం.

బసవనగుడి_శాస్త్రి
సంస్కృతంలోనూ ఇదే ఊహ ఉందండీ. సంకటం అంటే ఇరుకు అనే అర్థం ఉంది, ఆపద అనే అర్థమూ ఉంది. ప్రాణసంకటం అంటాం. చెన్నైలో ప్రతి నెలా సంకటహర చతుర్థి చేస్తారు, ఇక్కడ సంకష్టి అంటారు. ఎల్లిస్ వాదనని తప్పు పట్టడానికి చెప్పట్లేదు, ఊపిరాడని చోటే కష్టం అని ఏ భాషవాడికైనా తోస్తుంది అని మాత్రం చెప్తున్నా.

పాలమూరు_బిడ్డ
ఇదంతా మంచిగుంది కని మా దిక్కు పాట్లు అనే మాట తక్కువ. మేం తిప్పలు అంటం, గోస అంటం. "మస్తు గోస పడ్డం", ఇంకా ఎక్కువైతే అరిగోస. మా నాయిన, మా పెద్దనాయిన డ్యాముల మీద, కాలువల మీద మట్టి పనికి పొయ్యేటోళ్ళు, పాలమూరు లేబర్ అంటే ఎక్కడన్న తెలుసు. నేను ఈడ సాఫ్ట్‌వేర్ల పనిచేస్తున్న ఆఫీసు బిల్డింగు కట్టినోళ్ళల్ల మా ఊరోళ్ళు ఉన్నరు, బేస్మెంట్ల పార్కింగుకి పోయినప్పుడల్ల అదే యాదికొస్తది.

తిప్పలు అంటే తిప్పుడే కదా, మనిషిని తిప్పుతది. ఆఫీసు చుట్టూ తిప్పుతరు, దవాఖాన చుట్టూ తిప్పుతరు, కాయితం కోసం మూడు నెలలు తిప్పిన్రు మా అమ్మను పింఛన్‌కి. మీద పడుడు ఒక లెక్క, తిప్పుడు ఇంకో లెక్క. నాకైతే తిప్పుడే ఎక్కువ ఏడిపిస్తది.

అనంత_కుర్రోడు
అన్నా ఈ మాట నాకు గట్టిగా తగిలింది. మీద పడితే ఒకేసారి పడుతుంది, తిప్పితే దానికి అంతు ఉండదు.

తంటాలు కూడా ఇందులో చేరుతుందా? మా దిక్కు నానా తంటాలు పడి అంటారు.

కోలారు_అక్క
తంటా మరాఠీ, హిందీ దిక్కుదే, టంటా అంటే తగాదా. కన్నడలో "నన్న తంటెగె బరబేడ" అంటే నా జోలికి రావద్దు. మనకొచ్చేసరికి తగాదా పోయి కష్టం మిగిలింది. కానీ చూడు, అరువు మాట అయినా చివరికి "పడు"కే అతుక్కుంది. తంటాలు పడు, తిప్పలు పడు, గోస పడు, యాతన పడు, అవస్థ పడు. ఏ భాష నుంచి ఏ కష్టం వచ్చినా దాన్ని పడటం మాత్రం మన మాటే.

పెరంబూరు_మాస్టారు
అక్క గారు చెప్పింది వ్యాకరణంలో కూడా ఉంది. స్కూల్లో పడ్వాది సంధి చదివారు కదా అందరూ? చిన్నయసూరి బాలవ్యాకరణం, 1858. భయము + పడు కలిస్తే భయపడు, భయంపడు అని. ఆ సూత్రం సంస్కృతం నుంచి వచ్చిన నామవాచకాల పక్కన మన పడు చేరడం ఎంత మామూలో చెప్తుంది, దానికోసం ప్రత్యేకంగా ఒక సంధే పెట్టాల్సొచ్చింది. కష్టపడు అదే, కష్టం వాళ్ళది, పడు మనది. కష్టమనే మాటకి కూడా తెలుగులో పాటు లాగే రెండో అర్థం వచ్చింది గమనించారా? "ఇది నా కష్టం" అంటే నా శ్రమ. కష్టార్జితం, కష్టజీవి. నాకేమనిపిస్తుందంటే పాటులో ముందే ఉన్న ఆ జంట అర్థం కష్టానికి కూడా అంటుకుంది. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు.

తమిళంలో అయితే ఇది ఇంకా తేటగా ఉంది. పాడుపడు అంటే శ్రమించు. పాట్టాళి అంటే శ్రామికుడు, పాడు పడేవాడు. చెన్నై మెరీనా మీద కూలీలు బండరాయిని నెట్టే విగ్రహం చూసే ఉంటారు, దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసింది, 1959లో పెట్టారు. సాయంత్రం తరగతి అయిపోయాక పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి ఈ మాట చెప్పేవాణ్ణి. ఆ నలుగురి వెన్నులు చూడండి, చేతులు చూడండి, వాళ్ళు పని చేస్తున్నారా, బాధ పడుతున్నారా అని అడిగేవాణ్ణి. ఒక పిల్లాడు "రెండూ కాదు సార్, పాటు పడుతున్నారు" అన్నాడు. ఆ జవాబు ఇప్పటికీ మర్చిపోలేదు.

అనంత అబ్బాయ్, నువ్వడిగిన రెండో ప్రశ్నకి ఇదే నా జవాబు. గురజాడ 1910లో దేశభక్తి గీతంలో "పాటు పడవోయ్" అన్నప్పుడు ఆయన కష్టాలు పడమని చెప్పలేదు, పని మీద ఒంటిని పెట్టమన్నాడు. చేతనైన మంచి మాట అది. కానీ "పాట్లు" అని బహువచనం చేస్తే మళ్ళీ బాధ వైపుకి వాలుతుంది. పాటుపడ్డాడు అంటే మెచ్చుకోలు, పాట్లు పడ్డాడు అంటే జాలి.

శ్రీకాకుళం_పిల్ల
అయితే మాస్టారూ, "పనీపాటా లేదు" లో పాటా? నేను పాట అనుకున్నా, పాడే పాట. మా అమ్మమ్మ మాత్రం పనీపాటూ అనేది.

పెరంబూరు_మాస్టారు
మీ అమ్మమ్మ మాటే నాకూ సబబుగా ఉంది. పని, పాటు, రెండూ శ్రమే, జంటగా వచ్చాయి. దిగుబడి, రాబడి, పెట్టుబడి కూడా చూడండి, ఆ బడి మన పడే. రైతు ఇంటి లెక్కంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

వైట్‌ఫీల్డ్_వాసి
నా మొదటి పోస్టు తప్పని ఒప్పుకుంటున్నా, నేర్చుకున్నా. ఇంకో డౌటు, పొరపాటు, అలవాటు, ఏర్పాటు, కట్టుబాటు, సర్దుబాటు, తిరుగుబాటు, ఇవన్నీ కూడానా? వీటిల్లో కష్టం ఎక్కడుంది?

కోలారు_అక్క
అన్నీ అవే అన్నా. ఏర్పడితే ఏర్పాటు, తిరగబడితే తిరుగుబాటు, కట్టుబడితే కట్టుబాటు. అన్నిట్లో కష్టం ఉండక్కర్లేదు, సంతోషపడతాం, ఇష్టపడతాం కూడా కదా. మనిషికి ఏదైనా జరిగితే అది పడటమే. కష్టం అందులో ఎక్కువసార్లు జరిగేది, అందుకే పాట్లు అనగానే అదే గుర్తొస్తుంది.

ఇంకా ఒకటి, నాకు చాలా ఇష్టమైనది. "నా పాటికి నేను పోతుంటే" అంటాం కదా? కన్నడలో "నన్న పాడిగె నాను". తమిళంలో "ఎన్ పాట్టుక్కు నాన్". మూడూ ఒకటే. నా స్థితిలో నేను, నా పాటులో నేను, ఎవరి జోలికీ పోకుండా. ఎవరి పాటు వాళ్ళది.

పాలమూరు_బిడ్డ
"గా పాటికి ఇంటికొచ్చిండు" అంటం మేము, ఆ టైముకి అని. "రెండు దినాల పాటు" గూడ. అంటే మా దిక్కు లేదనుకున్న గని రోజుకి పదిసార్లు అంటున్న, నాకే తెల్వదు.

అనంత_కుర్రోడు
నాలుగు రోజులయింది పోస్టు పెట్టి, ఇంత వస్తాదని అనుకోలేదు. అందరికీ థాంక్స్, మాస్టారికి ప్రత్యేకంగా.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ అజ్జి మా వీధి చివర పూలు కడుతుంది, నిన్న సాయంత్రం కనపడితే పలకరించినా. వచ్చీరాని కన్నడలో, మీరు ఆ రోజు నమ్మ పాడు అన్నారు కదా, మా అమ్మ కూడా అంతే అంటాది, మా పాట్లు అంటాది అని చెప్పినా. ఆమె పూలు కట్టే చెయ్యి ఆపి నా మొహంలోకి చూసి "ఏ ఊరు నాయనా మీది" అనింది. తెలుగులో. పావగడ దగ్గర పల్లె అంట ఆమెది, అనంతపురం జిల్లా పక్కనే. పెళ్ళయి ఇక్కడికొచ్చి 40 ఏళ్ళయింది, తెలుగులో మాట్లాడే మనిషి ఇంట్లో లేక మాట అరుదైపోయింది అనింది. పాటు అంటుందో పాడు అంటుందో ఆమెకే తెలీదంట, నోటికేదొస్తే అది. మూర మల్లెపూలు కొంటే ఇంకో జానెడు ఎక్కువేసింది.

నేను ఆమెతో కన్నడలో "నీవు తుంబా పాడు పడ్డిరి" అన్నా, మీరు చాలా పాట్లు పడ్డారు అని, తప్పేమో తెలీదు.

కోలారు_అక్క
పడ్డిరి కాదు తమ్ముడూ, పట్టిరి. కన్నడలో, తమిళంలో పడు భూతకాలంలో పట్టు అవుతుంది. "తుంబా పాడు పట్టిద్దీర" అను, బాగుంటుంది. అయినా ఆమెతో నువ్వు తెలుగులోనే మాట్లాడు.